బురీరామ్‌లో మార్క్ మార్కెజ్ లీడ్ ఎందుకు వదిలేశాడు? 1.8 బార్ రూల్ సేఫ్టీ కోసమేనా?

పిట్‌బోర్డ్:
2025 థాయ్‌లాండ్ మోటోజీపీ బైక్ రేసులో (బురీరామ్ ట్రాక్) మార్క్ హాయిగా ముందు వెళ్తూ ఏడో ల్యాప్‌లో కావాలనే తమ్ముడు అలెక్స్‌కి దారిచ్చాడు. మూడు ల్యాపులు మిగిలుండగా మళ్లీ దాటి గెలిచాడు. ఫ్రంట్ టైర్ ప్రెషర్ కోసం అన్నారు. గాలి కాస్త తగ్గితే అంత ప్రమాదమా? ఈ రూల్ వల్ల ఓవర్‌టేకులు తగ్గిపోతున్నాయా?

స్లిక్_టైర్:
ముందు లెక్క చూడండి. మోటోజీపీలో మిషెలిన్ ఫ్రంట్ టైరుకి 2024 నుంచి కనీసం 1.8 బార్ గాలి ప్రెషర్ ఉండాలి, అదీ బండి పరిగెత్తుతున్నప్పుడు. మెయిన్ రేసులో 60 శాతం ల్యాపులు, స్ప్రింట్ అనే చిన్న రేసులో 30 శాతం ల్యాపులు ఆ గీత పైన ఉండాలి. లేకపోతే ఫినిష్ టైముకి రేసులో 16 సెకన్లు, స్ప్రింట్‌లో 8 సెకన్లు కలుపుతారు.

గాలి తక్కువ ఉంటే టైరు నేలకి ఎక్కువ ఆనుతుంది, గ్రిప్ బాగుంటుంది. అందుకే టీములకి ఆ ఆశ. కానీ గంటకి 300 కిలోమీటర్లు దాటిన వేగం నుంచి బ్రేక్ పట్టినప్పుడు బరువంతా ముందు చక్రం మీదే పడుతుంది, వెనక చక్రం గాల్లో తేలుతుంది. గాలి చాలని టైరు ప్రతి బ్రేకింగ్‌లో నలిగి, లోపలి పొరలు వేడెక్కి దెబ్బతింటాయి. మరీ ఎక్కువైనా చిక్కే: ఆనే భాగం చిన్నదై, మలుపులో ముందు చక్రం చెప్పకుండా జారిపోతుంది.

అసలు తంటా ఏంటంటే, గ్రిడ్ మీదికి రాకముందే టీము ఒక అంచనా వేయాలి. మనవాడు ముందుంటాడా, గుంపులో ఉంటాడా? ముందుంటే చల్లగాలి తగిలి ప్రెషర్ పెరగదు. గుంపులో ఉంటే ముందు బండి రేడియేటర్, సైలెన్సర్ల వేడి మొత్తం మన టైరు మీదకే కొడుతుంది, ప్రెషర్ ఎగబాకుతుంది. మార్క్ తమ్ముడి వెనక చేరి ఆ వేడినే వాడుకున్నాడు. అదే ఏడాది ఖతార్‌లో వినాలెస్ రెండో స్థానంలో ఫినిష్ లైన్ దాటాడు, ప్రెషర్ తక్కువని తేలి 16 సెకన్లు కలిపితే 14కి పడిపోయాడు.

కెర్బ్_46:
స్లిక్_టైర్ గారు చెప్పినదానికి ఇంకో ముక్క. వెనకున్నవాడి ఫ్రంట్ వేడెక్కడంతో పాటు, చెదిరిన గాలిలో వింగ్స్ (బండిని నేలకి అదిమే చిన్న రెక్కలు) కూడా పట్టు కోల్పోతాయి. బ్రేకింగ్ దూరం ల్యాప్ ల్యాప్‌కీ మారుతుంది. దాటాలంటే ఆలస్యంగా బ్రేక్ పట్టి లోపలికి దూరడమే మిగులుతుంది. తగులుకునేది అక్కడే.

చిన్న తగులుడు చాలు. 2013 ఆరగాన్‌లో మార్క్ మార్కెజ్ బండి పెడ్రోసా బండిని అలా రాసుకుపోయింది, అంతే. వెనక చక్రం స్పీడ్ సెన్సర్ వైరు తెగింది. చక్రం ఎంత తిరుగుతోందో తెలియక ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా ఆపే ఎలక్ట్రానిక్స్) చేతులెత్తేసింది, థ్రాటిల్ తెరవగానే బండి పెడ్రోసాని గాల్లోకి విసిరేసింది. మార్కెజ్‌కి ఒక పెనాల్టీ పాయింట్ పడింది, ఆ రేసు కన్‌స్ట్రక్టర్ పాయింట్లు హోండాకి పోయాయి. 2006 కాటలూన్యాలో జిబెర్నావు బ్రేక్ లీవర్ కాపిరోసి బండికి తగిలి ముందు చక్రం లాక్ అయింది, మొదటి మలుపులోనే బండ్లు కుప్పపడ్డాయి. రెండు సంఘటనల్లోనూ ఇద్దరూ ఒకే టీము వాళ్లే. ఇప్పుడు హ్యాండిల్ చివర నుంచి లీవర్ ముందుకి వంగి కనిపించే చిన్న కొమ్ములాంటి గార్డు ఈ ప్రమాదానికే.

పిట్‌బోర్డ్:
ఎయిర్‌బ్యాగ్ సూట్ ఉంది కదా అన్నా, తగిలినా పర్లేదేమో?

కెర్బ్_46:
పర్లేదు అనుకోకండి. 2018 నుంచి మోటోజీపీ, మోటో2, మోటో3 మూడు క్లాసుల్లోనూ తప్పనిసరి చేశారు, కాలర్‌బోన్, భుజాలు చాలావరకు దక్కుతున్నాయి. పడుతున్న తీరుని సెన్సర్లు పసిగట్టి, నేల తాకకముందే ఉబ్బిస్తాయి. కానీ పడినవాడి మీదకి వెనక బండి వస్తే దాన్ని ఆపే సూట్ ఇంకా రాలేదు. 2010 మిసానోలో తొమిజావా, 2011 సెపాంగ్‌లో సిమోన్చెల్లి అలాగే పోయారు. అందుకే గుంపులో ఉన్నవాడికి టైరు మీద నమ్మకం ఉండాలి అంటాను. 1.8 గీత నాకు సమ్మతమే, ఎంత చిరాకు పెట్టినా.

స్లిక్_టైర్:
ఓవర్‌టేకుల మాటకొస్తే, తప్పంతా రూల్‌ది అనలేం. 2024లో 20 రేసుల్లో 19 ఒకే కంపెనీ, డుకాటీ బండ్లే గెలిచాయి. ఏరో (ఆ వింగ్స్ లాంటివి), రైడ్ హైట్ డివైస్ (పరుగులో బండి ఎత్తు తగ్గించేది) రెండూ ఫ్రంట్ మీద భారం పెంచాయి. 2027లో ఇంజిన్ 1000 నుంచి 850 సీసీకి తగ్గుతోంది, రైడ్ హైట్, హోల్‌షాట్ (స్టార్ట్‌లో బండిని కిందికి దించే) డివైస్‌లు నిషేధం, ముందు ఫెయిరింగ్ (బండి ముందు తొడుగు) వెడల్పు 50 మిల్లీమీటర్లు తగ్గుతుంది, టైర్లు పిరెల్లీవి. వెనకున్నవాడి ఫ్రంట్ అప్పుడు ఎంత వేడెక్కుతుందన్నదే నేను చూసేది. అప్పటిదాకా పోడియం చూసి టీవీ కట్టేయకండి, స్టీవార్డ్‌ల (రూల్స్ చూసే అధికారుల) కాగితం వచ్చేదాకా ఆగండి.