లోతుగా ఊపిరి పీలిస్తే తల తిరుగుతోంది, మరి ఒత్తిడి తగ్గించుకునేదెలా?

ప్రశ్న

నమస్కారమండీ. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పని. సాయంత్రానికి భుజాలు రాయిలా బిగుసుకుపోతాయి, దవడ లాగుతుంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. మాత్రల జోలికి పోకుండా తగ్గించుకోవాలని ఉంది. "గట్టిగా ఊపిరి పీల్చి వదలండి" అంటారు గానీ, రెండు నిమిషాలు అలా చేస్తే తల తిరిగి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పొరపాటు ఎక్కడ? ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు, ఏ వేళకు అనేది విడమరిచి చెప్పండి.

జవాబు 1

పొరపాటు ఆ "గట్టిగా" అన్న మాటలోనే ఉందండీ. అవసరానికి మించి గాలి పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తేలిపోవడం, వేళ్ళ చివరా పెదవుల చుట్టూ తిమ్మిరి, అన్నీ దానివల్లే. గాలి చాలడం లేదనుకుని ఇంకా లోతుగా పీలిస్తే ఇంకా పెరుగుతుంది.

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. దాన్ని 6కి దించాలి. ముక్కుతో 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి. తీసుకునే గాలి మామూలుకన్నా కొంచెమే ఎక్కువ ఉండాలి, పక్కన కూర్చున్నవాళ్ళకు చప్పుడు వినపడకూడదు. ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకోండి. కింది చెయ్యి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. బిగుతు బట్టలుంటే నడుము దగ్గర వదులు చేసుకోండి, లేకపోతే పొట్ట కదలక ఊపిరంతా భుజాల్లోకి ఎక్కుతుంది.

అసలు పని చేసేది వదిలే ఊపిరి. పీల్చేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ అనే నరం ప్రభావంతో తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చేస్తే చాలామందికి ఈ తేడా వేలికే తెలుస్తుంది. 6 సెకన్లు వదలడం కష్టమైతే 3 లోపలికి, 4 బయటికి అని మొదలుపెట్టి వారంలో పెంచుకోండి. 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. కంగారు ముంచుకొచ్చాక మొదటిసారి ప్రయత్నించకండి, మామూలు వేళల్లో చేతికి అలవాటైన పనే ఆ సమయానికి అక్కరకొస్తుంది.

అడిగినవారు

మధ్యలో ఊపిరి బిగబట్టాలా?

జవాబు 1

అక్కర్లేదండీ. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళూ గర్భిణులూ అసలు బిగబట్టకపోవడమే మంచిది. తల తేలినట్టు అనిపిస్తే లెక్క ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి, కాసేపటికి సర్దుకుంటుంది.

జవాబు 2

భుజాలకూ దవడకూ ఊపిరి ఒక్కటే చాలదు. "వదులు చెయ్యి" అని కండరానికి చెబితే వినదు, ముందు బిగించి తర్వాత వదలాలి. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు గత శతాబ్దం మొదట్లో రూపొందించిన పద్ధతికి ఇది కుదించిన రూపం.

పిడికిళ్ళు, మోచేతి పైభాగం, నుదురు, దవడ, భుజాలు, పొట్ట, తొడలు, పిక్కలు, ఈ వరసలో వెళ్ళండి. ఒక్కో చోట 5 నుంచి 7 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, 20 నుంచి 30 సెకన్లు ఆ తేడాను గమనించండి. చాలామంది ఈ గమనించే భాగాన్నే తోసేసి పరుగెడతారు. అది పోతే మిగిలేది కసరత్తే. మొత్తానికి పావుగంట లోపే అయిపోతుంది.

మీ బలంలో మూడింట రెండు వంతులే వాడండి. పూర్తి బలంతో బిగిస్తే నరం పట్టేస్తుంది, ముఖ్యంగా పిక్కల్లో. అక్కడ పాదాన్ని ముందుకు చాపొద్దు, వేళ్ళను మోకాలి వైపు లాక్కోండి. మెడను వెనక్కి వంచకండి.

దవడకు పగలంతా ఒక గుర్తు పెట్టుకోండి: పెదవులు కలిసి, పళ్ళు విడిగా, నాలుక అంగిలికి ఆని. నమలనప్పుడూ మింగనప్పుడూ పై పళ్ళూ కింది పళ్ళూ తాకాల్సిన పనే లేదు.

జవాబు 3

మూడింటి మెలకువ సంగతి. రాత్రి మధ్యలో మెలకువ రావడం అందరికీ ఉండేదే. గడియారం చూసి "ఇంకా మూడు గంటలే" అని లెక్కలు మొదలుపెట్టడంతో అది కాస్తా నిద్రలేమి అవుతుంది. గడియారాన్ని గోడవైపు తిప్పేయండి. పావుగంట దాటిందనిపిస్తే మంచం దిగి, మసక వెలుగులో ఏదైనా చప్పటి పని చేసి, రెప్పలు వాలినప్పుడే తిరిగి రండి. ఎంత ఆలస్యంగా నిద్ర పట్టినా ఉదయం అదే సమయానికి లేవాలి. ఇందులో కష్టమైనదీ ఇదే, ఫలితం ఇచ్చేదీ ఇదే.

పగలు ఒక 15 నిమిషాలు చింతలకే కేటాయించండి, పడుకునే ముందు మాత్రం వద్దు. కాగితాన్ని రెండుగా మడిచి ఎడమవైపు నా చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి రాయండి. ఎడమవైపు ప్రతిదానికీ మొదటి అడుగు, అది ఏ రోజు వేస్తారో రాయాలి. "డబ్బు విషయం" అని రాస్తే ఏమీ తేలదు. "బుధవారం పదింటికి బ్యాంకుకి ఫోన్" అని రాయండి.

సాయంత్రం కాఫీ తాగుతారా?

అడిగినవారు

రోజుకు నాలుగు కప్పులు, చివరిది అయిదింటికి. రేపటి నుంచి మొత్తం మానేయనా?

జవాబు 3

ఒక్కసారిగా వద్దండీ. ఉన్నట్టుండి ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలై కొందరికి వారం దాకా ఉంటాయి. ఆ చిరాకునే మళ్ళీ ఒత్తిడి అనుకుంటారు. మూడు రోజులకు అరకప్పు చొప్పున తగ్గించండి, చివరి కప్పుతో మొదలుపెట్టండి. కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. అంటే అయిదింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదికీ, పావువంతు మీకు మెలకువ వచ్చే మూడింటికీ ఒంట్లోనే ఉంటుంది. గర్భిణులకూ గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకూ ఇంకా ఆలస్యం.

జవాబు 4

ఒక్క మాట కలుపుతాను. ఉదయం లేవగానే దవడ నొప్పి ఉంటే నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో దంతవైద్యులకు చూపించండి, పళ్ళు అరిగిన గుర్తులు వాళ్ళకు కనిపిస్తాయి. ప్రకృతి సిద్ధం అని అమ్మే మూలికల మాత్రలు వేరే మందులతో పడకపోవచ్చు, వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకండి. నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే ఈ పద్ధతులతో ఆగిపోకుండా వైద్యుణ్ణి కలవండి. ఛాతీలో నొక్కినట్టు ఉండి అది చేతికో దవడకో పాకితే ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.