గుండ్రటి సబ్‌వూఫర్ పెట్టె: అట్ట గొట్టం తట్టుకుంటుందా?

ప్రశ్న

నమస్కారం. కారు డిక్కీలో ఒక పక్కగా ఇమిడేటట్టు 10 అంగుళాల సబ్‌వూఫర్‌కు (బేస్, అంటే మంద్ర స్వరాలు పలికే స్పీకరుకు) గొట్టం ఆకారంలో పెట్టె కట్టుకోవాలని అనుకుంటున్నాను. కాంక్రీటు స్తంభాలు పోసేటప్పుడు అచ్చుగా వాడే మందపాటి అట్ట గొట్టం నా దగ్గర ఉంది. దాని లోపలి వ్యాసం 30 సెంటీమీటర్లు, గోడ మందం 8 మిల్లీమీటర్లు. రెండు కొసలకూ 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) బిళ్లలు మూతలుగా బిగించి, ఒక మూతలో స్పీకరు అమర్చాలన్నది ఆలోచన. స్పీకరుతో వచ్చిన కాగితంలో ఎఫ్‌ఎస్ (స్పీకరు సహజంగా అదిరే పౌనఃపున్యం) 30 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ అదురు ఎంత అదుపులో ఉందో చెప్పే సంఖ్య) 0.45, క్యూఈఎస్ (అందులో విద్యుత్ వైపు అదుపును చెప్పే సంఖ్య) 0.50, వీఏఎస్ (స్పీకరు పొర బిగువుకు సమానమైన గాలి పరిమాణం) 40 లీటర్లు అని ఉంది.

గొట్టాన్ని 50 సెంటీమీటర్లకు కోస్తే సరిపోతుందా, అట్ట గోడ అదరకుండా నిలుస్తుందా, పెట్టెను పూర్తిగా మూసేయాలా లేక పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టపు రంధ్రం) పెట్టాలా అన్నది అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

గోడ గురించి మీరు దిగులు పడనక్కరలేదు. లోపలి ఒత్తిడి గొట్టం చుట్టూ సమానంగా పడుతుంది కాబట్టి గోడ వంగదు. చుట్టుకొలత వెంబడి కొద్దిగా లాగబడుతుంది, ఆ లాగుడును అట్ట తేలిగ్గా భరిస్తుంది. చదునైన మూతలకు ఆ సౌకర్యం లేదు. 10 అంగుళాల కోన్ (స్పీకరులో ముందుకీ వెనక్కీ కదిలే పొర) వైశాల్యం సుమారు 340 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అది ఒక సెంటీమీటరు లోపలికి కదిలితే 340 ఘన సెంటీమీటర్ల మేర గాలి నలుగుతుంది, అంటే 33 లీటర్ల పెట్టెలో దాదాపు ఒక శాతం. అంత మాత్రానికే 30 సెంటీమీటర్ల మూత మీద పడే బలం 10 కిలోల బరువు మోపినంత అవుతుంది, అదీ 40 హెర్ట్జ్ స్వరానికి సెకనుకు 40 సార్లు అటు నెట్టి ఇటు లాగుతూ ఉంటుంది. అందువల్ల ఒక్కొక్క మూతకు రెండేసి బిళ్లలు వాడండి: ఒకటి గొట్టం లోపలికి బిగువుగా దిగేది, రెండోది గొట్టం అంచు మీద కూర్చునేటట్టు 31.6 సెంటీమీటర్ల వ్యాసం గలది. రెండింటినీ చెక్క జిగురుతో అతికించి, ఆరేదాకా బిగించి ఉంచాలి.

ఇక పరిమాణం. మీ గొట్టంలో ఒక్కో సెంటీమీటరు పొడవుకు 0.707 లీటర్లు పడతాయి. 50 సెంటీమీటర్లలో లోపలి బిళ్లలు రెండూ కలిసి 3.6 సెంటీమీటర్లు ఆక్రమిస్తాయి కనుక మిగిలేది 32.8 లీటర్లు, స్పీకరు అయస్కాంతానికీ చట్రానికీ రెండు లీటర్లు తీసేస్తే సుమారు 31. వీఏఎస్‌ను ఆ 31తో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో హెచ్చిస్తే, పెట్టెలో పెట్టాక స్పీకరుకు ఉండే క్యూ విలువ 0.68 వస్తుంది. సమతలమైన స్పందనకు ప్రమాణంగా తీసుకునే 0.707కు ఇది చాలా దగ్గర. సరిగ్గా 0.707 కావాలంటే గొట్టం 45 సెంటీమీటర్లకు కాస్త లోపు ఉంటే చాలు, కానీ ఆ తేడా చెవికి తెలియదు. నేనైతే 50కే కోసి, పూర్తిగా మూసేస్తాను. కిటికీలు మూసిన కారు చిన్న గది వంటిది. ఒక హద్దు దిగువన అదే బేస్‌ను ఆక్టేవుకు (పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ) సుమారు 12 డెసిబెళ్ల చొప్పున పెంచుతుంది, మూసిన పెట్టె స్పందన కూడా దాదాపు అదే వాలుతో తగ్గుతుంది కాబట్టి రెండూ సర్దుకుంటాయి.

రెండో జవాబు

పోర్టు వైపు నుంచి కూడా లెక్క చూడడం న్యాయం. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగిస్తే మీ స్పీకరుకు 60 వస్తుంది. 50 దరిదాపుల్లో ఉన్నవి మూసిన పెట్టెకూ, 100 దరిదాపుల్లో ఉన్నవి పోర్టుకూ నప్పుతాయని సాధారణంగా అంటారు. మీది పోర్టుకు పనికిరానిది కాదు గానీ మొగ్గు మూసిన పెట్టె వైపే ఉంది. అయినా పెట్టాలనుకుంటే, 45 లీటర్లను 32 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయడానికి (పోర్టులోని గాలి ఆ స్వరానికి మోగేటట్టు చేయడానికి) 10 సెంటీమీటర్ల వ్యాసం గల పోర్టు సుమారు 44 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. పోర్టు ఆక్రమించే నాలుగు లీటర్లు, స్పీకరు ఆక్రమించే రెండు లీటర్లు కలుపుకుంటే మీ గొట్టం 76 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. 30 సెంటీమీటర్ల మూతలో స్పీకరూ పోర్టూ రెండూ పట్టవు కాబట్టి పోర్టును ఎదుటి మూతలో పెట్టవలసి వస్తుంది. పోర్టు లోపలి కొసకూ అయస్కాంతానికీ నడుమ కనీసం పోర్టు వ్యాసమంత ఖాళీ వదలాలి. ట్యూనింగ్ కంటే దిగువ స్వరాలకు కోన్‌కు గాలి ఆసరా పోతుంది కనుక యాంప్లిఫయరులో సబ్‌సోనిక్ ఫిల్టరు (మరీ దిగువ స్వరాలను ఆపేది) తప్పనిసరి. డిక్కీలో చోటు ముఖ్యమైతే మొదటి జవాబే సరైనది.

మూడో జవాబు

అట్టకు అసలు శత్రువు తేమ. మూతలు అతికించకముందే గొట్టం లోపలా బయటా, ముఖ్యంగా కోసిన అంచులకు, ఎపాక్సీ గానీ వార్నిష్ గానీ రెండు పూతలు వేయండి. కోసిన అంచు నీటిని వత్తిలా పీల్చుకుంటుంది. స్క్రూలు అట్టలో నిలవవు, పట్టంతా జిగురుదే కావాలి. స్పీకరుకు మాత్రం మూత వెనుక టీ-నట్లు (చెక్కలో దిగి నిలిచే ముళ్ల నట్లు) కొట్టి బోల్టులతో బిగించండి, ఎండీఎఫ్‌లో స్క్రూలు రెండు మూడు సార్లు విప్పితే వదులవుతాయి. లోపలి అంచుకు సిలికాన్ పూస్తే అది పూర్తిగా ఆరి వాసన పోయేదాకా స్పీకరు పెట్టకండి. ఇంకొక మాట: గుండ్రటి పెట్టె దొర్లుతుంది. గట్టి బ్రేకు పడినప్పుడు అంత బరువు డిక్కీలో వదులుగా ఉండడం ప్రమాదం కనుక, వంపు కోసిన రెండు చెక్క దిమ్మెల మీద దాన్ని కూర్చోబెట్టి, పట్టీలతో కారు నేలకు బిగించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 50 సెంటీమీటర్లకే కోసి పూర్తిగా మూసేస్తాను. రెండు మూతలనూ కలుపుతూ మధ్యలో మరలున్న ఇనుప కడ్డీ ఒకటి వేసి బిగిస్తే మంచిదేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆలోచన మంచిదే కానీ మధ్యలో అయస్కాంతం అడ్డు వస్తుంది. 6 మిల్లీమీటర్ల కడ్డీలు మూడు తీసుకుని, అంచు దగ్గర సమాన దూరాల్లో వేయండి. స్పీకరు చట్రం బయటి వ్యాసం 27 సెంటీమీటర్లు అనుకుంటే గొట్టం లోపలి గోడ దాకా మీకు మిగిలేది ఒకటిన్నర సెంటీమీటరే కాబట్టి, రంధ్రాలను మూత కేంద్రం నుంచి 14.5 సెంటీమీటర్ల దూరంలో గుర్తించి, 12 మిల్లీమీటర్ల వాషర్లు వాడితే చట్రానికి తగలవు. కడ్డీలు ఆక్రమించే చోటు లెక్కలోకి రానంత తక్కువ. ప్రతి రంధ్రానికీ వాషరు కింద సిలికాన్ పూయడం మరవకండి. అంతా ఆరాక కోన్‌ను రెండు చేతులతో, అంచుల దగ్గర సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. ఎక్కడైనా గాలి పోతోందేమో చూడాలంటే, అతుకుల మీద సబ్బు నురుగు రాసి మళ్ళీ నొక్కితే బుడగలు ఆ చోటును చూపిస్తాయి.