సమస్య: “తండ్రి పాలు త్రాగి తనువు పెరిగె”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. డిస్కస్ చేపల (తమ ఒంటి జిగురునే పిల్లలకు మేతగా ఇచ్చే అక్వేరియం చేపలు) మీదే పూరించాలి. ఆ చేపల్ని పెంచేవాళ్లకు ఈ పాదంలో వింతేమీ కనిపించదు. మిగతావాళ్లకు కూడా కనిపించకుండా చేయడమే కవి పని.

గోదారిగట్టు:

గుడ్డు విడిచి పిల్ల గుంపుగా కదలాడి
తల్లి మేని జిగురు తనివి దీర
మేయ, నలసి తల్లి మెల్లగా విదిలింప
తండ్రి పాలు త్రాగి తనువు పెరిగె.

కొలను: మూడో పాదం అచ్చంగా తొట్టిలో కనబడేదే! తల్లి ఒక్కసారి ఒళ్లు జాడించి పక్కకు తప్పుకుంటుంది. పిల్లలన్నీ ఒక్క ఊపున వెళ్లి తండ్రికి అతుక్కుంటాయి. ఆయన అలిసిపోతే మళ్లీ అమ్మ దగ్గరికి. “విదిలింప” అన్న ఒక్క మాటతో సమస్య విడిపోయింది గోదారిగట్టు గారూ.

నిర్వాహకుడు: అవును, చాలా బాగుంది. ఒక్క మాట చేరుస్తాను. తల్లి అలిశాక తండ్రి ఏదో సాయానికి వచ్చాడని అనుకోవద్దు, ఇద్దరికీ జిగురు ఊరుతుంది. 2010లో ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూసిందేమిటంటే, గుడ్లు పెట్టిన దశలోనే ఆ జిగురులో ప్రొటీన్, యాంటీబాడీలు పెరుగుతాయి. మూడో వారం వచ్చేసరికి పెద్ద చేపలు పిల్లల్ని తప్పించుకుని ఈదడం మొదలుపెడతాయి. అంటే పాలు మాన్పించడమూ ఉందన్నమాట.

ఉగ్గుగిన్నె: కొత్తగా రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

ఎండు కొమ్మ మీద గుడ్లనే కాపాడి
రెక్క లూపి నీరు రేపు తండ్రి
ఒంటి నూరు తేట యుగ్గుగా నందింప
తండ్రి పాలు త్రాగి తనువు పెరిగె.

గోదారిగట్టు: గణాలన్నీ సరిపోయాయమ్మా. మొదటి పాదంలో యతి తప్పింది, “ఎ”కి “గు” చెల్లదు. “కొమ్మ చెంత నిలిచి గుడ్లనే కాపాడి” అంటే కొ-గు చక్కగా కుదురుతుంది. మూడో పాదంలో ఒ-ఉ యతి ముచ్చటగా వేశారు. “ఉగ్గు” దగ్గర నేను ఆగిపోయాను.

కొలను: రెక్కలు ఊపడం కూడా నిజమే. గుడ్ల మీద నీరు నిలవ ఉంటే బూజు పట్టి తెల్లబడతాయి. పొదగడానికి రెండున్నర రోజులు, ఈదడానికి మరో రెండు మూడు రోజులు. అప్పుడు తల్లిదండ్రుల ఒళ్లు నల్లబడుతుంది, ఆ నలుపు చూసే పిల్లలు దగ్గర చేరతాయి. పిజియన్ బ్లడ్ అనే డిస్కస్ రకంలో నలుపు సరిగా రాదు కాబట్టి పిల్లలకు దారి తెలియక చాలా పోతాయి. దీని మీద ఎవరైనా ఒక పద్యం రాస్తే బాగుండు.

మెత్తనినీళ్లు:

నీరు మార్చి మార్చి నిలిపితి వెచ్చగా
తిన్న గుడ్ల నెంచి తిట్టనైతి
జంట కలిసి నేఁడు సాకంగఁ జూచితి
తండ్రి పాలు త్రాగి తనువు పెరిగె.

ఉగ్గుగిన్నె: రెండో పాదం చదివి కళ్లు చెమర్చాయి. కొత్త జంట మొదట్లో గుడ్లు తినేస్తుంటే ఎంత టెన్షనో!

నిర్వాహకుడు: భావం గొప్పది, యతులకు వంక లేదు. కానీ సమస్య విడలేదు. డిస్కస్ గురించి ఏమీ తెలియని పాఠకుడు మూడో పాదం దాకా వచ్చినా తండ్రికి పాలెక్కడివని అడుగుతాడు. ఆ జవాబు పద్యంలోనే ఉండాలి, కింద రాసే వివరణలో కాదు. మూడో పాదం మార్చి చూడండి.

మెత్తనినీళ్లు: నిజమే మాస్టారూ. “జంట యొంటి జిగురు సగముగాఁ బంచంగ” అంటే?

నిర్వాహకుడు: ఇప్పుడు విడింది. జ-స యతి కూడా నిలిచింది. ఇంతకీ మీ తొట్టిలో వేడి ఎంత పెడుతున్నారు?

మెత్తనినీళ్లు: 29 డిగ్రీలు. పిల్లలు ఇప్పుడే ఆర్టీమియా (మేతగా వేసే సన్నటి ఉప్పునీటి రొయ్యలు) అందుకుంటున్నాయి.