కర్టెన్ రాడ్ బ్రాకెట్ గోడలోంచి మాటిమాటికీ ఊడొస్తోంది, ఏం చేయాలి?

కిటికీపక్క

కిటికీ వెడల్పు 150 సెం.మీ. ఐలెట్ కర్టెన్ల (పై అంచున రింగుల్లోంచి రాడ్ దూర్చేవి) కోసం 25 మి.మీ. స్టీల్ రాడ్ బిగించి ఉంది. చివర్ల రెండు బ్రాకెట్లు మాత్రమే, మధ్యలో ఏమీ లేదు. కుడివైపు బ్రాకెట్ ప్లగ్గుతో (స్క్రూ పట్టడానికి గోడ బొక్కలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) సహా బయటికి వచ్చేస్తోంది. బొక్కలో పుట్టీ కూరి, ఆరాక మళ్లీ స్క్రూ బిగిస్తే కొన్నాళ్లకే అదే పరిస్థితి. ఇప్పుడు బొక్క వేలు దూరేంత అయింది, చుట్టూ ప్లాస్టరింగ్ పెచ్చులు లేస్తోంది. ఎడమవైపుది మాత్రం గట్టిగానే ఉంది. ఇంకా పొడవు స్క్రూ వేస్తే సరిపోతుందా? బొక్కలో చెక్క ముక్క దిగ్గొట్టి దానికి బిగించమని కొందరు అంటున్నారు, అది మంచిదేనా?

ఇంకొకటి. వేరే గోడకి 60×120 సెం.మీ. అద్దం తగిలించాలి. కర్టెన్ సంగతి చూశాక దాని మీద చెయ్యి వేయాలంటే భయంగా ఉంది.

రసమట్టం

తప్పు స్క్రూది కాదండీ, ప్లగ్గు కూర్చున్న చోటుది. లోపలి గోడల మీద ప్లాస్టరింగ్ మామూలుగా 12 నుంచి 15 మి.మీ. మందం ఉంటుంది, గోడ వంకర సర్దిన చోట ఇంకా ఎక్కువ. ఆ పూత పని గోడని నున్నగా చూపించడమే. బరువు మోయాల్సింది దాని వెనకున్న ఇటుకో కాంక్రీటో. కిటికీ నెత్తిన ఉండేది లింటెల్, అంటే కాంక్రీటు దూలం. హ్యామర్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే ఏర్పాటు) లేని డ్రిల్లు ప్లాస్టరింగ్‌ని ఇట్టే దాటి కాంక్రీటు దగ్గర మొరాయిస్తుంది. చాలామంది అక్కడితో ఆపేసి, ప్లగ్గులో లోపలికి పోని భాగాన్ని కోసేసి, పొట్టి స్క్రూ బిగించేస్తారు. ఆ రోజుకి గట్టిగానే కనిపిస్తుంది. రోజూ కర్టెన్ అటూ ఇటూ లాగుతుంటే ఆ సెంటీమీటరున్నర పూత నలిగి పిండైపోతుంది. మీరు కూరిన పుట్టీ ఇంకా మెత్తన. అది గీతలు, సన్న పగుళ్లు పూడ్చడానికే, స్క్రూ మరని పట్టి ఉంచే బలం దానికి లేదు.

ముందు గోడ ఏమిటో తేల్చుకోండి. బ్రాకెట్ పళ్లెం (గోడకి ఆనే రేకు) కింద దాగిపోయే చోట 4 మి.మీ. మేసన్రీ బిట్‌తో (గోడలకి వాడే డ్రిల్లు ముల్లు) ఒక బొక్క వేసి, రాలే పొడి చూడండి. ఎర్రపొడి వస్తే కాల్చిన ఇటుక. బూడిదరంగు పొడి కొద్దికొద్దిగా రాలుతూ బిట్ వేడెక్కిపోతుంటే కాంక్రీటు. తెల్లటి మెత్తటి పొడి ధారగా రాలి, బిట్ సులువుగా దిగిపోతే లైట్ వెయిట్ బ్లాకు, అంటే గాలి బుడగలతో చేసిన తేలికపాటి సిమెంటు ఇటుక. సెంటీమీటరు దాటగానే లోపల ఖాళీలో పడినట్టయితే జిప్సమ్ బోర్డు. దీన్నిబట్టి ప్లగ్గు మారుతుంది, డ్రిల్ చేసే తీరూ మారుతుంది.

ఎడమవైపుదాన్ని కూడా నమ్మకండి. స్క్రూ, ప్లగ్గు తీసి సన్నటి తీగ పెట్టి లోతు కొలవండి. 50 మి.మీ. కంటే తక్కువుంటే అదీ ఇవాళో రేపో ఊడేదే.

డ్రిల్ చేసే ముందు ఆ గదికి కరెంటు ఆపేయండి. స్విచ్‌బోర్డు, సాకెట్లకి నిటారుగా పైనా కిందా, అడ్డంగా రెండు పక్కలా వైరు పైపులు పోయే అవకాశం ఎక్కువ. ఆ దారుల్లో బొక్క పెట్టొద్దు.

తాపీపని

పై జవాబు సరైనదే. పాడైన బొక్క సంగతి నేను చెప్తాను.

వీలైతే ఆ బొక్కని వదిలేయడమే మంచిది. బ్రాకెట్‌ని ఐదారు సెంటీమీటర్లు బయటి వైపుకి జరిపి, గట్టి చోట కొత్త బొక్క వేయండి. పాతదాన్ని పూడ్చి రంగు వేస్తే చాలు, అప్పుడది బరువు మోయక్కర్లేదు.

అదే చోట కావాలంటే వదులుగా ఉన్న ప్లాస్టరింగంతా ఉలితో కొట్టి తీసేయండి. గోడ మీద వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చినంత మేరా పోవాల్సిందే, లేకపోతే కొత్త పూత పాత పెచ్చుతో పాటే రాలుతుంది. బ్రష్షుతో దుమ్ము దులిపి, నీళ్లు చల్లి తడిపి, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్లు సన్న ఇసుక కలిపి గట్టిగా దట్టించండి. గోడ పొడిగా ఉంటే సిమెంటులోని నీళ్లని పీల్చేసుకుంటుంది, అప్పుడు పూత పట్టుకోకుండా పొడిపొడిగా రాలుతుంది. తడపమనేది అందుకే. రోజూ రెండుసార్లు తడుపుతూ వారం ఆగి అప్పుడు డ్రిల్ చేయండి. మర్నాడే చేస్తే పగిలిపోతుంది. అంత ఓపిక లేకపోతే రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీ పుట్టీ ఉంది. దుమ్ము లేకుండా తుడిచి కూరితే ఒక రోజులో రాయిలా అవుతుంది. ఇది చిన్న బొక్కలకే.

కొత్త బొక్కకి లెక్క ఇది. 8×40 మి.మీ. నైలాన్ ప్లగ్గుకి 8 మి.మీ. బిట్. ప్లగ్గు ప్లాస్టరింగ్ దాటి కాంక్రీటులో కూర్చోవాలి కాబట్టి 15 పూతకి, 40 ప్లగ్గుకి, పొడి చేరడానికి ఇంకో 10, మొత్తం 65 మి.మీ. లోతు. బిట్ మీద 65 దగ్గర టేపు చుట్టుకోండి. స్క్రూ 5 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవు. స్క్రూ కొన ప్లగ్గు చివరి దాకా వెళ్తేనే అది లోపల విచ్చుకుంటుంది. పొట్టి స్క్రూ ప్లగ్గు ముందు సగాన్నే విప్పుతుంది.

బొక్కలోని పొడి తీయకుండా ప్లగ్గు కొట్టడం అందరూ చేసే పొరపాటు. పొడి బేరింగులా జారుతుంది, పట్టు దొరకదు. సన్న బ్రష్షుతో తిప్పి, గొట్టంతో ఊదండి, రెండు మూడుసార్లు. కళ్లకి అద్దాలు మరవొద్దు. ప్లగ్గు సుత్తితో చిన్నగా కొడితే దిగాలి. చేత్తో నొక్కగానే వదులుగా జారిపోతే బొక్క పెద్దదైనట్టే, 10 మి.మీ. ప్లగ్గుకి వెళ్లండి.

చెక్క ముక్క వద్దనే నా మాట. వానాకాలం ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుని బొక్కలో వదులవుతుంది. పైగా గుండ్రటి ముక్కని దిగ్గొట్టినప్పుడు స్క్రూ దాని నార వెంబడే దిగుతుంది. చెక్కలో ఆ దిశకి పట్టు తక్కువ.

కిటికీపక్క

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మీరు చెప్పినట్టే చూశాను. కిటికీ మీద 15 మి.మీ. తర్వాత బిట్ దిగట్లేదు, బూడిదరంగు పొడి. ఎడమవైపు లోతు 35 మి.మీ. మాత్రమే. అద్దం పెట్టాల్సిన గోడలో తెల్లపొడి, బిట్ వెన్నలో దిగినట్టు దిగింది. నా దగ్గరున్నది హ్యామర్ లేని డ్రిల్లు.

తాపీపని

అయితే కిటికీ మీద లింటెలే. దానికి హ్యామర్ ఉన్న డ్రిల్లు తప్పదు, అద్దెకో అరువుకో తెచ్చుకోండి. మామూలుదానితో గంటసేపు నొక్కితే బిట్ ఊగి బొక్క నోరు వెడల్పవుతుంది, పని చెడుతుంది. ముందు 5 మి.మీ. బిట్‌తో దారి చేసి తర్వాత 8 వేస్తే బొక్క పక్కకి జరగదు. మధ్యలో బిట్ ఠక్కున ఆగి, ఇనుప రజను మెరుస్తూ వస్తే కడ్డీ తగిలింది. మొండిగా నొక్కొద్దు, రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరగండి. లింటెల్‌లో బరువు మోసే కడ్డీలు కింది అంచు దగ్గరే ఉంటాయి కాబట్టి, కిటికీ చట్రానికి మరీ ఆనుకుని బొక్క వేయకపోవడం మంచిది.

గుడ్డకొలత

గోడ బాగుచేశాక బ్రాకెట్ ఎంపిక కూడా సరిచూసుకోండి, లేకపోతే కొత్త ప్లగ్గు మీదా అదే భారం పడుతుంది.

కర్టెన్ బరువు లెక్క వేద్దాం. రాడ్ కిటికీకి రెండు వైపులా చెరో 20 సెం.మీ. దాటితే 190 సెం.మీ. కుచ్చు బాగా రావాలంటే గుడ్డ దానికి రెట్టింపు, 3.8 మీటర్లు. ఎత్తు 2.4 మీటర్లు అనుకుంటే 9 చదరపు మీటర్ల పైచిలుకు. చదరపు మీటరుకి 300 గ్రాముల గుడ్డయితే దాదాపు 2.7 కిలోలు. లైనింగ్, ఐలెట్లు, రాడ్ అన్నీ కలిపి నాలుగైదు కిలోలు దాటదు. ఇదేమంత బరువు కాదు. గోడని పీకేది బ్రాకెట్ చెయ్యి పొడవు. రాడ్ గోడకి 10 సెం.మీ. దూరంలో ఉండి, బ్రాకెట్ పళ్లెం ఎత్తు 5 సెం.మీ. మాత్రమే ఉంటే, పై స్క్రూని బయటికి లాగే బలం ఆ బ్రాకెట్ మీద పడే బరువుకి రెండింతలు. పళ్లెం 10 సెం.మీ. ఉంటే అది సగానికి తగ్గుతుంది. అందుకని పొడవాటి పళ్లెం, పైనొకటి కిందొకటి స్క్రూలు ఉన్న బ్రాకెట్ తీసుకోండి. ఒకే స్క్రూతో నిలిచే గుండ్రటి బిళ్లల జోలికి పోవద్దు. రాడ్‌ని గోడకి అవసరానికి మించి దూరం పెట్టకండి. కర్టెన్ కిటికీ గొళ్లేనికి తగలకుండా ఉంటే చాలు, చాలా కిటికీలకి 7, 8 సెం.మీ. సరిపోతుంది.

మీ రాడ్ పొడవుకి మధ్య బ్రాకెట్ తప్పనిసరి. అది లేకపోతే రాడ్ కుంగి, కర్టెన్ ఒక్కో లాగుడుకీ చివరి బ్రాకెట్ ఊగుతుంది. ఐలెట్ కర్టెన్ మధ్య బ్రాకెట్ దాటి రాదు కాబట్టి రెండు పరదాలూ అక్కడే కలిసేలా పంచుకోండి. చివర్లలో ఒక్కో ఐలెట్‌ని బ్రాకెట్‌కీ రాడ్ మూతకీ మధ్య ఉంచితే పరదా అంచు కదలదు, పక్క నుంచి వెలుతురూ రాదు. ఐలెట్ల సంఖ్య సరిసంఖ్య అయితేనే రెండు అంచులూ గోడవైపు మడుచుకుంటాయి. కుట్టించేటప్పుడే చెప్పండి, తర్వాత మార్చలేరు.

ఎత్తు విషయం: చట్రానికి 10 నుంచి 15 సెం.మీ. పైన పెడితే కిటికీ పొడుగ్గా కనిపిస్తుంది, మీ కాంక్రీటు కడ్డీల బెడదా తగ్గుతుంది. బొక్కలు మాత్రం రసమట్టంతో (మట్టం చూసే గాలిబుడగ పనిముట్టు) చూసి గుర్తు పెట్టుకోండి. కింద నేల నుంచి కొలిస్తే నేల వాలు రాడ్‌కి వచ్చేస్తుంది. కర్టెన్ అంచు నేలకి ఒక సెంటీమీటరు పైన ఆగాలి. నూలు గుడ్డయితే ఉతికాక కుట్టించండి, మొదటి ఉతుకులో పొట్టిదవుతుంది.

చట్రం

అద్దం గురించి. గాజు ప్రతి మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి 2.5 కిలోలు తూగుతుంది. మీది 0.72 చదరపు మీటర్లు. 4 మి.మీ. అద్దమైతే 7.2 కిలోలు, 5 అయితే 9. వెనక చెక్క, చట్రం కలిపి 12 కిలోలని లెక్కేసుకోండి. లైట్ వెయిట్ బ్లాకు ఈ బరువుని బాగానే మోస్తుంది, పద్ధతిగా చేస్తే.

ఆ గోడకి మీ హ్యామర్ లేని డ్రిల్లే సరైనది. హ్యామర్ పెడితే బ్లాకు లోపల చిట్లి బొక్క గుల్లవుతుంది. మామూలు పొట్టి ప్లగ్గు దీన్లో నిలవదు. ఈ బ్లాకుల కోసమే చేసిన, ఒంటి మీద వెడల్పాటి రెక్కలున్న నైలాన్ ప్లగ్గులు దొరుకుతాయి, 60 మి.మీ.కి తగ్గకుండా తీసుకోండి. బిట్ సైజు ప్లగ్గు పెట్టె మీద ఎంత రాస్తే అంతే. గోడ మందం ముందే కొలవండి. 10 సెం.మీ. గోడయితే బొక్క 7 దగ్గర ఆగాలి, లేకపోతే అవతలి పక్క పెచ్చు ఎగిరిపోతుంది. స్క్రూని చేత్తో బిగించండి. మెషిన్‌తో బిగిస్తే చివరి రెండు చుట్లలో ప్లగ్గు లోపలే తిరిగిపోయి పట్టు పోతుంది.

అద్దం వెనక అడ్డంగా తీగ కట్టి ఒకే మేకుకి వేలాడదీయకండి. తీగ ఎంత బిగువుగా, అడ్డంగా ఉంటే అంత ఎక్కువ లాగుతుంది. అడ్డానికి 30 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు తీగ ఒక్కో పక్కా అద్దం మొత్తం బరువంత లాగుతుంది, 15 డిగ్రీలకి అది దాదాపు రెట్టింపు. చట్రం మూలలు విడిపోయేది ఇందుకే. బదులుగా 45 డిగ్రీల కోతతో రెండు చెక్క పట్టీలు చేయించండి. ఒకటి గోడకి, కోత పైకి, గోడవైపు వాలేలా. రెండోది అద్దం చట్రానికి, కోత కిందకి. పైది కిందిదాని మీద ఎక్కి కూర్చుంటుంది. గోడ పట్టీకి నాలుగు స్క్రూలు వేస్తే ఒక్కోదాని మీద మూడు కిలోలే. చట్రం కింది మూలల్లో పట్టీ అంత మందం రబ్బరు బిళ్లలు అంటిస్తే అద్దం నిటారుగా నిలుస్తుంది, గోడ మీద మరకా పడదు.

చట్రం లేని అద్దాన్ని సిలికాన్‌తో అంటించాలనుకుంటే న్యూట్రల్ రకమే వాడండి. ఘాటుగా వెనిగర్ వాసన వేసేది అద్దం వెనక పూతని తినేసి నల్ల మచ్చలు తెస్తుంది. అదీ పుట్టీ మీద పెడితే బరువు మోసేది పుట్టీయే అవుతుంది కాబట్టి కింద అంచుకి లోహపు క్లిప్పులు లేకుండా వద్దు.

కిటికీపక్క

గోడ పట్టీకి ఏ చెక్క వాడాలి? ప్లైవుడ్ ముక్క ఉంది, 12 మి.మీ.

చట్రం

12 మి.మీ. ప్లై 45 డిగ్రీల కోతకి పలచన, అంచు పొరలు లేస్తాయి. 18 మి.మీ. ప్లై గానీ గట్టి కర్ర గానీ తీసుకోండి, వెడల్పు 6 సెం.మీ., పొడవు అద్దం చట్రం కంటే 10 సెం.మీ. తక్కువ. స్క్రూ పొడవుకి పట్టీ మందం 18 కూడా కలపడం మర్చిపోకండి. బిగించాక అద్దం పెట్టే ముందు పట్టీని రెండు చేతులతో పట్టుకుని కిందకీ బయటికీ గట్టిగా లాగి చూడండి. వెంట్రుకవాసి కదిలినా అద్దం ఎక్కించొద్దు, ఆ ప్లగ్గు తీసి పక్కన కొత్తది వేయండి.