ఇంటర్వ్యూ జవాబులు రాసుకుని కంఠస్థం చేయాలా, వద్దా?

నల్లగొండ_సీఎస్‌ఈ · రాత్రి 8:40
అందరికీ నమస్కారం. నేను ఈ ఏడాది కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేసి, మూడు నెలలుగా ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగ ప్రయత్నాలు చేస్తున్నాను. ఇప్పటికి నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రాత పరీక్ష, కోడింగ్ రౌండ్ దాటుతున్నాను గానీ హెచ్‌ఆర్ రౌండ్‌లోనే ఆగిపోతున్నాను. "మీ గురించి చెప్పండి", "మీ బలాలు, బలహీనతలు ఏమిటి", "మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి", "ఐదేళ్ల తర్వాత ఏ స్థాయిలో ఉండాలనుకుంటున్నారు" అనే నాలుగు ప్రశ్నలకు ఇంగ్లిషులో జవాబులు రాసుకుని, హాస్టల్ డాబా మీద ఆరేసిన బట్టల మధ్య తిరుగుతూ పది రోజులు వల్లె వేశాను. మొన్న గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ చేసిన ఆయన మొదటి జవాబు సగంలోనే చెయ్యెత్తి ఆపి, "ఇదంతా బట్టీ పట్టినట్టుంది, సొంతంగా చెప్పండి" అన్నారు. ఆ తర్వాత నాకు ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు. శిక్షణ కేంద్రంలో సార్ రాసుకోమంటారు, ఇంటర్వ్యూ చేసేవారు వద్దంటారు. ఏది సరైనదో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మాదాపూర్_ప్యానెల్ · రాత్రి 9:05
రాసుకోవద్దమ్మా. పదకొండేళ్లుగా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తున్న వ్యక్తిగా చెబుతున్నాను. ఒకే రోజు ఇరవై మందితో మాట్లాడితే అందులో పది మందికి పైగా తమ బలహీనత "ఏ పనినైనా లోపం లేకుండా చేయాలనే పట్టుదల" అంటారు. అది బలహీనత కాదు, దానిని నమ్మేవారూ లేరు. ఏ ప్రశ్న వేసినా దానిని తిప్పి తిప్పి తాము నేర్చుకున్న ఆవు వ్యాసం దగ్గరికే తీసుకువెళతారు.

అసలు ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతామో తెలిస్తే బట్టీ అవసరం ఉండదు. "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు మీరు దేని గురించి ఉత్సాహంగా మాట్లాడతారో చూసి తరువాతి ప్రశ్న అటువైపు వేస్తాము. రెజ్యూమెలో ఉన్నదానికీ నోటితో చెప్పేదానికీ పొంతన కుదురుతోందా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఐదేళ్ల ప్రశ్నకు కారణం ఇంకా సూటిది. ఆరు నెలలు శిక్షణ ఇచ్చాక ఎంటెక్‌కో, విదేశాలకో వెళ్లిపోయే ఆలోచన ఉందేమోనని తెలుసుకోవడమే దాని ఉద్దేశం. వీటికి కాగితం మీది పేరాలు అక్కరలేదు, నిజం చాలు.

విశ్రాంత_అధ్యాపకుడు · రాత్రి 9:20
ముప్పై ఏళ్లు ఇంగ్లిషు బోధించినవాడిగా ఒక మాట చెబుతాను. బట్టీ పట్టడం కన్నా పెద్ద లోపం, నూటికి తొంభై మంది పిల్లలు తమ పరిచయాన్ని "మైసెల్ఫ్ ఫలానా" అని ప్రారంభించడం. "మైసెల్ఫ్" అనే పదం వాక్యానికి కర్తగా నిలబడదు. "ఐ యామ్" అని గానీ "మై నేమ్ ఈజ్" అని గానీ అనాలి. తొలి పలుకే తప్పయితే తక్కిన పేరా ఎంత బాగా వచ్చినా ఫలితం ఉండదు.

కూకట్‌పల్లి_2019 · రాత్రి 9:24
నేను ప్రతి అక్షరం కంఠస్థం చేసే వెళ్లాను, ఉద్యోగం వచ్చింది, ఆరేళ్లుగా చేస్తున్నాను.

అమీర్‌పేట_శిక్షకుడు · రాత్రి 9:50
ప్యానెల్ గారూ, మీ వంటివారు ఏళ్ల తరబడి అవే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రశ్నలు మీకు కంఠస్థమై ఉండవచ్చు గానీ జవాబులు పిల్లలకు కంఠస్థం కాకూడదా?

మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలకు వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవారే. ఏసీ గదిలో, ముగ్గురు అపరిచితుల ఎదుట, నాలుక తడారిపోయిన స్థితిలో ఇంగ్లిషు వాక్యం అప్పటికప్పుడు పుట్టుకొస్తుందని ఆశించడం అన్యాయం. అందుకే రాయిస్తాను. అనుభవం గురించి అడిగే ప్రశ్నలకు స్టార్ పద్ధతి నేర్పుతాను. మొదట సందర్భం ఏమిటో, అందులో తన బాధ్యత ఏమిటో, తాను స్వయంగా ఏం చేశాడో, చివరికి ఏం ఫలితం వచ్చిందో ఆ వరుసలో చెప్పాలి. "మేము చేశాము" అనకుండా "నేను చేశాను" అనాలి. ఈ వరుస మనసులో ఉంటే భయపడినా దారి తప్పరు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నా మొదటి ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఒక పెద్దమనిషి "సహజంగా ఉండు, మనసులో ఉన్నది చెప్పు" అన్నాడు. డిగ్రీ మధ్యలో ఏడాది ఖాళీ ఎందుకుందని వారు అడిగారు. బోరు ఎండిపోయి నాన్న అప్పుల్లో పడితే ఏడాది పాటు పొలం పనులు చూశానని ఉన్నదున్నట్టు చెప్పాను. వారిలో ఒకరు రెజ్యూమె మూసి పక్కన పెట్టారు. ఆ రోజు నుంచి నా విద్యార్థుల్లో ఎవరినీ సిద్ధం కాకుండా ఆ గదిలోకి పంపలేదు, పంపను.

మాదాపూర్_ప్యానెల్ · రాత్రి 10:10
మీకు జరిగినదానికి బాధపడుతున్నాను. అయినా నేను సిద్ధం కావద్దనలేదు, బట్టీ వద్దన్నాను. ఈ రెండింటినీ మీరు కలిపేస్తున్నారు.

మీ వంటి కేంద్రాల నుంచి ఒకసారి వరుసగా ఐదుగురు వచ్చారు. "మీరు ఎదుర్కొన్న సవాలు చెప్పండి" అంటే ఐదుగురూ ఒకే కథ చెప్పారు. కాలేజీ ఫెస్ట్ నడుస్తుండగా మైకు చెడిపోయిందట, తాను చొరవ తీసుకుని బాగుచేయించాడట. ఐదో అబ్బాయిని ఆ మైకు ఏ కంపెనీదని అడిగాను. అతను తలదించుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేను పిల్లలతో కఠినంగా ప్రవర్తిస్తానని మా పైఅధికారికి ఫిర్యాదు వెళ్లింది, ఆరు నెలలు నన్ను ప్యానెల్ నుంచి తప్పించారు. ఆ కథ రాసిచ్చినవారికి మాత్రం ఏమీ కాలేదు. అబద్ధాన్ని అందంగా రాసి ఫీజు తీసుకోవడాన్ని మీరు శిక్షణ అంటున్నారు.

అమీర్‌పేట_శిక్షకుడు · రాత్రి 10:18
నేను ఎవరికీ దొంగ కథ రాసివ్వలేదు. ఎవరో చేసిన పాపాన్ని నా నెత్తిన రుద్దకండి. ఆ కన్నీళ్లు పెట్టించింది మీ ప్రశ్నే.

విశ్రాంత_అధ్యాపకుడు · రాత్రి 10:22
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఈ అమ్మాయి తన పరిచయాన్ని ఏ మాటతో మొదలుపెట్టిందో ఇంతవరకు ఎవరూ అడగలేదు. "మైసెల్ఫ్" అని ఉంటే ఆయన చెయ్యెత్తి ఆపడంలో ఆశ్చర్యం లేదు.

నల్లగొండ_సీఎస్‌ఈ · రాత్రి 10:47
సార్, నేను "మైసెల్ఫ్" అనలేదు. "ఐ యామ్" అనే అన్నాను.

క్షమించండి, కోపంగా రాస్తున్నాను. ఇంత సేపటి నుంచి నా గురించి మాట్లాడుతూ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్యానెల్ సార్ "నిజం చాలు" అన్నారు. నా నిజం తెలుగులో ఉంది. మా ఇంట్లో గానీ, మా ఊళ్లో గానీ, కాలేజీ బస్సులో గానీ నేను ఎవరితోనూ ఇంగ్లిషులో మాట్లాడలేదు. "సొంతంగా చెప్పండి" అని ఆయన అన్నప్పుడు నా దగ్గర సొంత మాటలు లేకపోలేదు, అవి ఆ గదిలో చెల్లే భాషలో లేవు. రాసుకుని వెళ్తే బట్టీ అంటారు, రాసుకోకుండా వెళ్తే కమ్యూనికేషన్ లేదంటారు. ఈ రెండింటి మధ్య నేను నిలబడే చోటు ఎక్కడుంది?

శిక్షకులు కూడా వినాలి. మా నాన్న ఊళ్లో పాల కేంద్రం నడుపుతారు. రెండో సంవత్సరం సెలవుల్లో నేను పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసి, రైతుల వారీగా లీటర్లు, వెన్న శాతం ఎక్కిస్తే పదిహేను రోజుల బిల్లు వచ్చేలా చేశాను. నా పరిచయంలో మొదట ఇదే రాసుకున్నాను. మా శిక్షణ కేంద్రంలో సార్ "కుటుంబం గురించి వద్దు, చిన్నచూపు చూస్తారు" అని దానిని ఎర్ర పెన్నుతో కొట్టేసి, "నాకు జట్టుగా పనిచేయడం ఇష్టం" అనే వాక్యం రాయించారు. నేను పది రోజులు వల్లె వేసింది ఆ వాక్యాన్నే.

వరంగల్_మెకానికల్ · రాత్రి 10:51
చెల్లెమ్మా, ఆ పాల కేంద్రం సంగతి మళ్లీ మొదటికి తెచ్చుకో.

మాదాపూర్_ప్యానెల్ · రాత్రి 11:15
అమ్మా, నేను ముందు నిన్నే అడిగి ఉండవలసింది. ఒక విషయం దాచకుండా చెబుతాను. మా దగ్గర మార్కులు వేసే పత్రంలో సంభాషణ నైపుణ్యానికి ఒక గడి ఉంటుంది. తడబడిన పిల్లలకు అందులో నేను తక్కువ వేశాను, చాలామందికి వేశాను. అది ఇంగ్లిషుకు వేస్తున్నానా, ఆలోచనకు వేస్తున్నానా అని ప్రతిసారీ విడదీసి చూసుకోలేదు. అయితే ఆ గడి ఊరికే పెట్టింది కూడా కాదు. మా పనిలో చేరిన మూడో నెలకే విదేశీ క్లయింటుతో కాల్‌లో కూర్చోవాలి, అక్కడ తెలుగులో నిజం చెబుతానంటే కుదరదు.

అమీర్‌పేట_శిక్షకుడు · రాత్రి 11:24
అయితే ఇది బట్టీ మీద తగువు కాదు, ఇంగ్లిషు మీద తగువు. ఆ మాట ప్రకటనలోనే రాయండి, ఇంత ఇంగ్లిషు కావాలని చెప్పండి, పిల్లలు దానికే సిద్ధమవుతారు. "సహజంగా ఉండండి" అని పిలిచి లోపల ఇంగ్లిషుకు మార్కులు వేయడమే నన్ను ఇన్నేళ్లుగా దహిస్తోంది. ఇంట్లో ఇంగ్లిషు వినిపించే పిల్లలకు మాత్రమే ఆ సహజత్వం సహజంగా వస్తుంది.

కుటుంబం ప్రస్తావన వద్దని నేనూ చెబుతాను, నా అనుభవం వల్లనే చెబుతాను. ఈ అమ్మాయి విషయంలో ఆ సలహా తప్పని ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే అది కుటుంబ పరిచయం కాదు, ఆమె చేసిన పని.

మాదాపూర్_ప్యానెల్ · రాత్రి 11:31
ప్రకటనలో రాయాలన్నది న్యాయమే, మా వాళ్లతో మాట్లాడతాను. కానీ గడి తీసేయాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు నిన్ను ఒక ప్రశ్న అడుగుతాను, తెలుగులోనే చెప్పు. పాలు పోసేటప్పుడు వెన్న శాతం తప్పుగా ఎక్కిస్తే నీ ప్రోగ్రాం ఏం చేసేది?

నల్లగొండ_సీఎస్‌ఈ · రాత్రి 11:44
మొదట్లో ఏమీ చేసేది కాదు సార్. ఒకసారి నాన్న 6.8 బదులు 68 అని కొట్టారు. ఆ రైతు బిల్లు పది రెట్లయింది. అదృష్టవశాత్తూ డబ్బు పంచకముందే అమ్మ చూసింది. మాకు వచ్చేవన్నీ గేదె పాలే, వెన్న మామూలుగా 6 నుంచి 8 శాతం ఉంటుంది. అందుకని 5 కన్నా తక్కువ, 10 కన్నా ఎక్కువ ఎక్కిస్తే "మళ్లీ చూడండి" అని ఆగేలా మార్చాను. పూర్తిగా తిరస్కరించేలా పెట్టలేదు, ఎందుకంటే ఎప్పుడైనా ఎవరైనా ఆవు పాలు తెస్తే శాతం నిజంగానే తక్కువ ఉంటుంది, అప్పుడు నాన్న రెండోసారి నొక్కితే తీసుకుంటుంది. తేదీ తప్పుగా పడే సమస్య మాత్రం ఇప్పటికీ ఉంది, దానిని సరిచేయలేదు.

మాదాపూర్_ప్యానెల్ · రాత్రి 11:50
తేదీ సమస్య ఇంకా ఉందని చెప్పావు చూడు, బలహీనత గురించి అడిగినప్పుడు నాకు కావలసిన జవాబు అటువంటిది. దీనిని పేరాగా రాయకు. 6.8, 68, గేదె, ఆవు, రెండోసారి నొక్కడం అని ఐదు ముక్కలు చీటీ మీద రాసుకో. వాటి వరుస గుర్తుంటే వాక్యం ప్రతిసారీ కొత్తగా వస్తుంది.

అమీర్‌పేట_శిక్షకుడు · రాత్రి 11:55
ఐదు ముక్కలతో పాటు మొదటి రెండు వాక్యాలు మాత్రం పూర్తిగా రాసుకుని కంఠస్థం చేయమ్మా. గుండె దడ తగ్గేది ఆ రెండు వాక్యాల లోపే. ఈ విషయంలో నేను వెనక్కు తగ్గను.

నల్లగొండ_సీఎస్‌ఈ · రాత్రి 12:08
సరే సార్. ఇప్పుడే డాబా మీదకు వెళ్లి ఇంగ్లిషులో చెప్పి చూశాను. మూడు చోట్ల మాట దొరకక ఆగిపోయాను. పాల కేంద్రాన్ని, రైతుల వారీగా అనే మాటను, మళ్లీ చూడమని ప్రోగ్రాం ఆగడాన్ని ఏమనాలో తెలియలేదు.

విశ్రాంత_అధ్యాపకుడు · రాత్రి 12:15
మిల్క్ కలెక్షన్ సెంటర్ అనమ్మా. రెండోదానికి ఫర్ ఈచ్ ఫార్మర్ అంటే చాలు. మూడోదానికి "ఇట్ ఆస్క్స్ ది యూజర్ టు చెక్ అగైన్" అను, అంతకన్నా పెద్ద మాట అక్కరలేదు. రేపు సాయంత్రం మళ్లీ చెప్పి చూసి, ఎక్కడ ఆగావో ఇక్కడే రాయి.