సెప్టెంబరు సంగీత వారం, షికాగో: ఎవరు ఏ పని చూస్తున్నారు?

కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివరి వారంలో సంగీత వారం చేద్దామని మొన్న మీటింగ్‌లో అనుకున్నాం కదా, దాని పనులన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం. మనవాళ్ల అమ్మానాన్నలు ఎక్కువమంది ఏప్రిల్, మే నెలల్లో వచ్చి, చలి ముదరకముందే అక్టోబరులో వెళ్లిపోతారు. వెళ్లేలోపు వాళ్లకి గుడి, కాస్ట్‌కో, నయాగరా కాకుండా ఇంకో నాలుగు చోట్లు చూపించాలి. నగరంలో జరిగే కచేరీలకి తీసుకెళ్దాం, ఆఖరి ఆదివారం గుడి హాల్లో మన కచేరీ పెట్టుకుందాం.

అధిక మాసం పుణ్యమా అని ఎంగిలిపూల బతుకమ్మ ఈసారి అక్టోబరులోకి జరిగింది. లేకపోతే ఈ పనికి ఒక్క మనిషి కూడా దొరికేవాడు కాదు. ఇంకోటి, మన కచేరీ రోజుకి మహాలయ పక్షం మొదలవుతుందని ఇద్దరు పెద్దవాళ్లు సందేహపడ్డారు. పెళ్లీ కాదు, గృహప్రవేశమూ కాదు, పాట వినడానికి పట్టింపేమిటని మా అత్తగారే తేల్చేశారు. ఇక దాని మీద చర్చ వద్దు.

ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో మన వయొలిన్ తమ్ముడు రాస్తానన్నాడు. ఇటు కర్ణాటకం, అటు జాజ్ వాళ్లతో వాయించేవాడు, ఊళ్లో హాళ్లన్నీ తెలిసినవాడు. తమ్ముడూ, కానీ.

వయొలిన్

సరే అక్కా. మీరు పంపిన లిస్టులో రోజుకి రెండేసి కచేరీలు ఉన్నాయి. అలా తిప్పితే పెద్దవాళ్లకి చివరికి గుర్తుండేది పార్కింగ్ గరాజే. అందుకని సగానికి పైగా కొట్టేశాను. ఎక్కడికి వెళ్లినా మొదటినుంచి కూర్చుని వినేలా పెట్టాను. తేదీలు ఆయా నిర్వాహకులు ఖరారు చేసినవే నమ్మండి, నేను ఏటా జరిగే పద్ధతిని బట్టి రాస్తున్నాను.

వారం మొత్తంలో ఒక్కటే కుదురుతుందనుకునేవాళ్లు శుక్రవారం రాత్రి జరిగే రాగమాలకి రండి. వరల్డ్ మ్యూజిక్ ఫెస్టివల్ అని నగరపాలక సంస్థ 1999లో మొదలుపెట్టింది, కచేరీలన్నీ ఉచితం. అందులో భాగంగా 2013 నుంచి ఒక రాత్రంతా హిందుస్తానీ, కర్ణాటక కచేరీలు పెడుతున్నారు. సాయంత్రం ఆరింటికి మొదలై మర్నాడు పొద్దున్న ఎనిమిదిదాకా, పధ్నాలుగు గంటలు. చోటు మిషిగన్ అవెన్యూ మీద కల్చరల్ సెంటర్, మూడో అంతస్తులో ప్రెస్టన్ బ్రాడ్లీ హాల్. 1897లో పబ్లిక్ లైబ్రరీ కోసం కట్టిన భవనం అది. హాలు పైన టిఫానీ రంగుటద్దాల గుమ్మటం, వ్యాసం 38 అడుగులు.

నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. మనకి కచేరీ అంటే సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదింటికి మంగళం. అందుకే పొద్దుటి రాగాలు వేదిక మీద వినే యోగం దాదాపు ఉండదు. భూపాళం, బౌళి రేడియోలో తప్ప ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు మనలో ఎంతమంది? ఇక్కడ ఏ వేళ రాగం ఆ వేళకే పడుతుంది. బయట తెల్లవారుతుంటే గుమ్మటంలో అద్దాలు నల్లరంగు నుంచి ఒక్కొక్కటే పచ్చకీ, బంగారు రంగుకీ తిరుగుతాయి, కింద ఎవరో అహిర్ భైరవ్ ఆలాపన చేస్తుంటారు. డబ్బు పెట్టినా దొరకని కచేరీ.

హిందుస్తానీ పేర్లు కొత్తయిన పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి: యమన్ అంటే మన కల్యాణి, మాల్కౌన్స్ అంటే హిందోళం, భైరవ్ అంటే మాయామాళవగౌళ, అహిర్ భైరవ్ అంటే చక్రవాకం. స్వరాలు అవే, నడకే వేరు. ఈ నాలుగూ తెలిస్తే చాలు, మిగతాది వాళ్లే పట్టుకుంటారు, మనకే పాఠం చెప్తారు.

హాలు గురించి ఒక మాట. చుట్టూ పాలరాయి, పైన గుమ్మటం, కాబట్టి మోత ఎక్కువ. గొంతుకీ వేణువుకీ అది అందం. మృదంగం మూడో కాలంలోకి, అంటే బాగా వేగంలోకి వెళ్తే మాత్రం దెబ్బ మీద దెబ్బ కలిసిపోతుంది. లెక్క వినాలనుకునేవాళ్లు ముందు వరసల్లో కూర్చోండి.

రవాణా

తమ్ముడూ, వినడానికి బాగానే ఉంది గానీ రాత్రంతా అంటే టెన్షన్‌గా ఉంది. మా నాన్నగారికి షుగర్, ఇంకో ఇంట్లో పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. నేపర్‌విల్, అరోరా వాళ్లు మెట్రా రైల్లో వస్తే చివరి రైలు దాటిపోయాక తెల్లారేదాకా ఇంకో రైలు ఉండదు. ఏం చేద్దాం?

వయొలిన్

అన్నా, రాత్రంతా కూర్చోవాలని ఎవరూ అనలేదు. అక్కడ జనం వస్తూ పోతూ ఉంటారు. మనం రెండు బ్యాచ్‌లు చేద్దాం. మొదటి బ్యాచ్ సాయంత్రం రైల్లో వచ్చి పదింటికల్లా తిరుగు రైలెక్కుతుంది. యూనియన్ స్టేషన్ నుంచి నడిస్తే ఇరవై, పాతిక నిమిషాలు, నడవలేనివాళ్లకి టాక్సీ.

రెండో బ్యాచ్ తెల్లవారుజామున కార్లలో. శనివారం నాలుగున్నరకి బయల్దేరితే రోడ్డు మీద పురుగు ఉండదు, ఐదున్నరకి హాల్లో ఉంటాం. పెద్దవాళ్లకి ఇదే మంచిది. మనవాళ్లు ఎలాగూ నాలుగింటికే లేచి, గిన్నెల చప్పుడు కాకుండా కాఫీ కలుపుకోవాలని వంటింట్లో తంటాలు పడుతుంటారు. ఆ టైముకి కారెక్కించండి. మిలీనియం పార్క్ కింద గరాజ్‌లో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే చవక, లిఫ్ట్ కూడా ఉంది. కల్చరల్ సెంటర్లోనూ లిఫ్ట్ ఉంది కాబట్టి మూడో అంతస్తు అని భయపడక్కర్లేదు.

ఎనిమిదింటికి కచేరీ అయ్యాక అలాగే మిషిగన్ అవెన్యూ మీద కాస్త దక్షిణంగా నడిస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. పెద్దవాళ్లు ఫొటో అడగకుండా వదలరు, అరగంట దానికి ఉంచుకోండి.

భోజనాలు

బాబూ, తెల్లవారుజాము బ్యాచ్‌కి ఇడ్లీలు కట్టిస్తాను. హాల్లో తిననిస్తారా?

వయొలిన్

హాల్లో వద్దు పిన్నీ. వాళ్లు అన్నా అనకపోయినా, ఆలాపన మధ్యలో ఫాయిల్ పేపర్ విప్పిన చప్పుడు ఆ గుమ్మటం కింద ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఎనిమిది తర్వాత ఎదురుగా మిలీనియం పార్క్‌లో కూర్చుని తిందాం. సాంబారు వద్దు, కారప్పొడి చాలు. సరస్సు మీంచి గాలి కొడుతుంది కాబట్టి శాలువాలు, ఫ్లాస్కులో కాఫీ మాత్రం మర్చిపోకండి.

ఇక మిగతా రోజులు.

శనివారం అందరూ పడుకోండి.

ఆదివారం మధ్యాహ్నం జాజ్ షోకేస్. జో సీగల్ అనే ఆయన 1947లో రూజ్‌వెల్ట్ యూనివర్సిటీలో చదువుకుంటూ మొదలుపెట్టిన కచేరీలు పెరిగి ఈ క్లబ్ అయ్యాయి. 2020లో ఆయన పోయారు, ఇప్పుడు కొడుకు నడుపుతున్నారు. డియర్‌బోర్న్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్లో ఉంది. ఆదివారం మ్యాటినీకి పిల్లల్ని రానిస్తారు, అందుకే ఆ పూట ఎంచుకున్నాను. టికెట్ కొనాలి.

జాజ్ ఎప్పుడూ విననివాళ్లకి నేను చెప్పేది ఇదే. ముందు అందరూ కలిసి ఒక వరస వాయిస్తారు, అది పల్లవి అనుకోండి. తర్వాత ఒక్కొక్కరూ దాని మీద అప్పటికప్పుడు అల్లుతూ మనోధర్మం చూపిస్తారు. చివర్లో డ్రమ్స్ వాయించేవాడికీ మిగతావాళ్లకీ నాలుగేసి బార్ల (మన ఆవర్తనాల్లాంటివి) చొప్పున సవాల్ జవాబ్ నడుస్తుంది, అక్కడ కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే మన తని ఆవర్తనం గుర్తొచ్చి తీరుతుంది. మళ్లీ పల్లవి, అయిపోయింది. ఒకరి సోలో అవగానే చప్పట్లు కొట్టాలి, మొహమాటపడొద్దు. మాట్లాడటం మాత్రం వద్దు.

బుధవారం మధ్యాహ్నం 12:15కి డేమ్ మైరా హెస్ కచేరీ. ముప్పావు గంట, ఉచితం, పియానో, వయొలిన్ లాంటి పాశ్చాత్య శాస్త్రీయం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే నేషనల్ గ్యాలరీలో మధ్యాహ్నం కచేరీలు నడిపిన పియానో విద్వాంసురాలు ఆవిడ. ఆ పేరు మీద షికాగోలో 1977 నుంచి జరుగుతున్నాయి. ఏ హాల్లో అన్నది వాళ్ల సైట్‌లో చూసుకోండి. రేడియోలో లైవ్ వెళ్తుంది కాబట్టి దగ్గు మాత్ర జేబులో ఉండాలి. ఒక్కో భాగం అవగానే కాకుండా మొత్తం అయ్యాకే చప్పట్లు. ఇంకో సంగతి, మన పెద్దవాళ్లకి తొడ మీద తాళం వేసే అలవాటు ఉంటుంది. ఇక్కడ వేళ్లతో లెక్కపెట్టుకోమనండి.

గురువారం రాత్రి గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్.

యువజన విభాగం

హమ్మయ్య, మాకు కూడా ఏదో ఒకటి ఉంది! గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ కూర్చున్న చోటు అదేనా అన్నా?

వయొలిన్

అదే అంటారు, బూత్ కూడా చూపిస్తారు. కపోన్ కోసం వెళ్లేవాళ్లు ఫొటో తీసుకుని పది నిమిషాల్లో వచ్చేయండి, పాట వినేవాళ్లకి కుర్చీ దొరుకుతుంది. రెడ్ లైన్‌లో లారెన్స్ స్టేషన్ దగ్గర దిగితే పక్కనే. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లని రానివ్వరు. తలుపు దగ్గర ఐడీ అడుగుతారు, జుట్టు నెరిసినవాళ్లని కూడా అడగొచ్చు. అమ్మానాన్నలు వస్తామంటే వాళ్ల పాస్‌పోర్ట్ దగ్గరుండాలి. నగదు తీసుకెళ్లండి. బ్యాండ్ వాయిస్తుండగా గట్టిగా మాట్లాడితే పక్క టేబుల్ వాళ్లే ఊరుకోమంటారు. నాకు ఈ ఊళ్లో నచ్చే విషయాల్లో అదొకటి.

ఉచిత కచేరీల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. వినేవాళ్లకి ఉచితమంటే వాయించేవాడికి కిట్టుబాటు అయిందని కాదు. ఎక్కడైనా డబ్బా తిప్పితే తల తిప్పుకోకండి. ఒక్కో కుటుంబం ఎంత వేయాలో నేను చెప్పను, పార్కింగ్‌కి ఎంత పోశారో గుర్తు తెచ్చుకుని వేయండి.

రెండో శుక్రవారం ఖాళీ. ఆసక్తి ఉన్నవాళ్లు పగటిపూట సౌత్ మిషిగన్ అవెన్యూలో 2120 నంబరు భవనం చూసి రండి, బ్లూస్ పాటలు రికార్డు చేసిన చెస్ రికార్డ్స్ కంపెనీ స్టూడియో అందులోనే ఉండేది. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ పత్తి పొలాల నుంచి రైల్లో ఈ ఊరొచ్చాడు. బార్లలో జనం గోలకి మామూలు గిటార్ వినపడక కరెంటు గిటార్ పట్టాడు. షికాగో బ్లూస్ అని లోకమంతా పిలిచే శబ్దం అలా గట్టిపడింది. మనలాగే బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ల పాట కాబట్టి మనకి తొందరగానే పట్టుబడుతుంది.

శనివారం హైడ్ పార్క్ జాజ్ ఫెస్టివల్. 2007 నుంచి సెప్టెంబరు చివరి వారాంతంలో జరుగుతుంది, యూనివర్సిటీ ఆఫ్ షికాగో చుట్టుపక్కల. మిడ్‌వే పచ్చిక మీద వేదికలు ఉంటాయి, పిల్లలు పరిగెత్తినా ఎవరూ ఏమీ అనరు. మడత కుర్చీలు, దుప్పట్లు తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం పని ఆ రోజు పిన్నిది. మర్నాడు మన కచేరీ ఉంది కాబట్టి నాలుగింటికి ఇళ్లకి.

కోఆర్డినేటర్

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం కచేరీకి సౌండ్ ఎవరు చూస్తున్నారు? మొన్న సంక్రాంతికి అద్దెకి తెచ్చిన సెట్ ఎలా కీచుమందో అందరికీ గుర్తుంది.

వయొలిన్

అక్కా, ఈసారి సెట్ మార్చడం కంటే వేళ మార్చడం ముఖ్యం. సంక్రాంతికి సౌండ్ చెక్ జనం లోపలికి వచ్చాక మొదలైంది. కచేరీ నాలుగింటికైతే వేదిక రెండింటికే మా చేతికివ్వాలి. తివాచీ పరిచి, తంబూరా పెట్టె ఆన్ చేసి, శ్రుతి గాయకురాలికి ఏది కావాలో ఆ రోజు పొద్దున్నే తేల్చుకోవాలి. మైకులు నాలుగు చాలు: గొంతుకి ఒకటి, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి రెండు వైపులా రెండు. మా పాట మాకు వినపడేలా ఎదురుగా ఒక మానిటర్ స్పీకర్ పెట్టండి. ఎకో బటన్ ఎవరైనా ముట్టుకుంటే నేను వేదిక దిగిపోతాను, సరదాకి అనడం లేదు.

మృదంగం వాయించేవాళ్లు ఎడమవైపు మూతకి రవ్వ ముద్ద పెడతారు. బొంబాయి రవ్వ కాస్త, నీళ్లు, చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ వేదిక పక్కన ఉంచండి. వంటింట్లో అడిగితే ఉప్మాకనుకుని వేయించిన రవ్వ ఇచ్చేస్తారు, అది ముద్ద కాదు. పచ్చి రవ్వ కావాలని గట్టిగా చెప్పండి. ఏసీ గొట్టం కింద మృదంగం పెడితే చర్మం బిగిసి శ్రుతి ఎక్కుతుంది, కాబట్టి వేదిక ఆ గొట్టానికి రెండు గజాలు పక్కకి జరపాలి.

యువజన విభాగం

చివర్లో అరగంట సినిమా పాటలు, కరోకే పెట్టుకోవచ్చా? పిల్లలు అడుగుతున్నారు.

కోఆర్డినేటర్

మంగళం పాడాక కాదమ్మా. కచేరీకి ముందు, మూడింటి నుంచి మూడున్నరదాకా పక్క గదిలో పెట్టుకోండి. ఆ గదికి సొంత స్పీకర్ ఉంది. హాల్లో సౌండ్ చెక్ మూడు లోపే అయిపోవాలి. తమ్ముడూ, సరేనా?

వయొలిన్

తలుపు మూసి ఉంచితే సరే.

భోజనాలు

గుడి వంటశాల కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేకుండా: కట్టె పొంగలి, గారెలు, దద్దోజనం. భోజనం మంగళం అయ్యాకే వడ్డిస్తాం, మధ్యలో పళ్లేల చప్పుడు లేకుండా నేను చూసుకుంటాను. గారెలు వేయడానికి ఇద్దరు కావాలి. పచ్చి రవ్వ నా సంచిలోనే పెట్టుకుంటాను బాబూ, బెంగపడకు.

రవాణా

తెల్లవారుజాము బ్యాచ్‌కి ఇప్పటికి మూడు కార్లు కుదిరాయి, ఇంకో రెండు కావాలి. షాంబర్గ్ వైపు నుంచి ఒక్కరూ లేరు. ఏడు సీట్ల బండి ఉన్నవాళ్లు ఆదివారం రాత్రిలోపు ఇక్కడే చెప్పండి, గరాజ్ స్లాట్లు సోమవారం బుక్ చేసేస్తాను.