స్టంట్ పడ్డంక నడక: అడుగులు లెక్కవెట్టాలా, నిమిషాలా?

వడ్డేపల్లి కట్ట:
గుండెపోటు వచ్చి స్టంట్ వేసుకున్నోళ్లకు, బైపాస్ అయినోళ్లకు ఇంటికొచ్చినంక నడకే మందు అంటరు. ఫోన్ల చూసుకుంట రోజుకిన్ని వేల అడుగులు నడవాలంటరు కొందరు. అడుగుల జోలికి పోవద్దు, నిమిషాలే చూడాలంటరు ఇంకొందరు. తెలిసినోళ్లు కారణం సుత చెప్పున్రి.

హన్మకొండ ఫిజియో:
నిమిషాలే. పదివేల అడుగుల లెక్క ఆస్పత్రిలో పుట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరే 'మాన్పో-కెయి', అంటే పదివేల అడుగుల మీటరు. ఆ అంకెను పట్టుకొని డిశ్చార్జి అయిన వారానికే చెరువు కట్ట మీదికి పోవడం తప్పు. దెబ్బతిన్న గుండె కండరం మచ్చ కట్టి గట్టిపడడానికి దాదాపు 6 వారాలు పడుతుంది.

డాక్టర్ నడవమన్నాక మొదటి వారం ఇంట్లోనే, ఒక్కోసారి 5 నిమిషాలు, పూటకోసారి. ఇబ్బంది లేకపోతే రెండు మూడు రోజులకోసారి ఒకట్రెండు నిమిషాలు పెంచాలి. ఆరో వారానికి ఒకేసారి 30 నిమిషాలు వస్తే బాగా కోలుకుంటున్నట్టే. 10 మీటర్ల వరండాలో 50 సార్లు పోయొస్తే కిలోమీటరు అవుతుంది, గేటు దాటే పనే లేదు.

వేగానికి నాడి చూడొద్దు. నాడి ఎంత వరకు పెరగొచ్చో చూడడానికి 220లోంచి వయసు తీసేసే సూత్రం వీళ్లకు పనికిరాదు, ఎందుకంటే మెటోప్రొలాల్ లాంటి గోలీలు నాడిని పెరగనియ్యవు. గుండె అలసిపోతున్నా వాచీలో నాడి 95 దాటకపోవచ్చు. నడుస్తూ పక్కమనిషితో మాట తెగకుండా మాట్లాడగలగాలి, పాట అందుకుంటే మాత్రం దమ్ము చాలొద్దు. అదే సరైన వేగం.

కట్ట మీది లెక్క:
సార్, పదివేలు వద్దన్నది నేనూ ఒప్పుకుంట. కానీ నిమిషాలు మనిషిని మోసం చేస్తయి. భద్రకాళి కట్ట మీద అరగంట తిరిగినోళ్లను చూడున్రి, అండ్ల పది నిమిషాలు నిలబడి ముచ్చటవెట్టుడే ఉంటది. ఒకాయన 10 నిమిషాల్ల 600 అడుగులు వేస్తడు, ఇంకొకాయన 1,000 వేస్తడు. ఇద్దరి కాయితంల రాసేది ఒక్కటే, '10 నిమిషాలు' అని.

ఎవరి అంకె వాళ్లకుండాలె. మొదటి మూడు రోజులు ఏ లక్ష్యం లేకుండ, మామూలుగ ఎన్ని అడుగులైతే అన్ని రాసుకోవాలె. సగటు 1,800 వచ్చిందనుకో, వచ్చే వారం 2,000. వారానికి పదో వంతే పెంచుడు. అసలు ఉపయోగం గీత దాటకుండ ఆపుడుల ఉన్నది. పానం మంచిగనిపించిన రోజు పెండ్లికి పోయి, బజారు తిరిగి 5,000 చేసి, తెల్లారి మంచం లేవనోళ్లే ఎక్కువ. ఆ పెండ్లి తిరుగుడు నిమిషాల లెక్కల యాడ ఎక్కుతది?

గుండె వార్డు నర్సు:
అన్నా, మీరిద్దరూ మధ్యలో నడక గురించే మాట్లాడుతున్నారు. ప్రమాదమంతా మొదట్లో, చివర్లో. మంచం మీది నుంచి దిగ్గున లేచి నడిస్తే బీపీ గోలీల వల్ల కళ్లు తిరుగుతయి. రెండు నిమిషాలు కూర్చొని, మడిమలు పదిసార్లు ఎత్తి దించి, అప్పుడు లేవాలి. మొదటి 5 నిమిషాలు మెల్లగా, చివరి 5 నిమిషాలు ఇంకా మెల్లగా. వేగంగా నడిచి ఒక్కసారి ఆగితే రక్తం కాళ్లల్లోనే నిలిచి పడిపోతరు. బువ్వ తిన్నాక కనీసం గంట ఆగాలి.

బైపాస్ అయినోళ్లకు రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నిండు బిందె ఎత్తొద్దు, కుర్చీలోంచి చేతులు ఊని లేవొద్దు, తొడల బలంతోనే లేవాలి. బైపాస్ కోసం రక్తనాళం తీసిన కాలు వాస్తది, నడిచొచ్చాక ఎత్తు మీద పెట్టుకోవాలి.

పొద్దున్నే బరువు చూసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. ఆ రోజు నడక కాదు, డాక్టర్‌కు ఫోన్. నడుస్తుంటే ఛాతీ బిగబట్టినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా అక్కడే కూర్చోవాలి. ఛాతీనొప్పికి సార్బిట్రేట్ గోలీ రాసిచ్చి ఉంటే కూర్చున్నాకే నాలుక కింద పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోతది. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108. ఇంటికి నడిచిపోదామని చూడొద్దు, దయచేసి.

హన్మకొండ ఫిజియో:
అక్క చెప్పింది ప్రతి ఇంట్లో గోడకు అంటించుకోవాలి. లెక్కన్నా, పెండ్లి రోజు సంగతి మీరన్నది నిజమే, నా పద్ధతిలో అది దొరకదు. కానీ జబ్బు మనిషి నడక మెల్లగా, కాలు ఈడ్చినట్టుంటుంది. అంత మెల్లటి అడుగును ఫోనూ వాచీ సరిగా పట్టవు. 1,500 వేస్తే 1,000 చూపిస్తే, ఆ లోటు పూడ్చడానికి ఆయన ఇంకో 500 నడుస్తడు. మీరు దాటొద్దన్న గీతే అక్కడ ముందుకు తోలే ముల్లుగర్ర అవుతుంది.

కట్ట మీది లెక్క:
దానికి ఉపాయం ఉన్నది. నోటితోని లెక్కవెట్టుకుంట 20 అడుగులు వేసి ఫోన్ చూడాలె. 18 కంటె తక్కువ చూపిస్తే ఆ ఫోన్ను నమ్మొద్దు. నడక గట్టిపడేదాంక, అంటే మొదటి నెల, మీ నిమిషాలే కానియ్యున్రి. తర్వాత అడుగులు రాయుడు మాత్రం నేను వదలను.

వడ్డేపల్లి కట్ట:
మరి ఎండకాలం? గుట్ట మెట్లు ఎక్కొచ్చా?

గుండె వార్డు నర్సు:
మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. ఒంట్లో నీరు పోయే గోలీలు వాడేటోళ్లు పొద్దున ఏడు గంటలలోపే నడక ముగించి ఇంట్ల ఉండాలి. చెమట పోయిందని ఉప్పు వేసిన సల్ల తాగొద్దు, నీళ్లు ఎన్ని తాగాలో డాక్టర్ చెప్పిన లెక్కే. చలికాలం దీనికి ఉల్టా, ఐదింటికే పోవద్దు. చల్లగాలికి రక్తనాళాలు బిగుసుకుంటయి, పొద్దు పొడిచాకే, ముక్కూ చెవులూ కప్పుకొని పోవాలి.

హన్మకొండ ఫిజియో:
పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట ఇప్పుడే వద్దు. చదును నేల మీద 30 నిమిషాలు ఆయాసం లేకుండా నడిచి, ఇంటి దగ్గర రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలిగితే, అప్పుడు డాక్టర్‌ను అడిగి ఎక్కండి. షుగర్ ఉండి గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే నడక ముందు షుగర్ చూడాలి, 100 కంటే తక్కువుంటే ఏమన్నా తినే బయల్దేరాలి. జేబులో చక్కెర ఉండాలి. ఉత్త కాళ్లతో గడ్డి మీద నడవమని ఎవరు చెప్పినా వినొద్దు. కాలికి స్పర్శ తగ్గిన మనిషికి ముల్లు దిగినా తెలియదు.